ఇక మాట్లాడుకోవచ్చు

మా ఆయన గది తలుపు తీసుకుని హాల్లోకొచ్చి, "పుస్తకం అయిపోయింది. ఇక మీరిద్దరూ మాట్లాడుకోవచ్చు" అని వరమిచ్చారు.

నేనూ మా అమ్మాయీ మొహమొహాలు చూసుకున్నాం. నోటితో చెప్పుకోవాల్సిందేదీ తట్టలేదు.

ఆయన కాలేజీలో ఇంగ్లీషు చెబుతారు. ఆధునిక అమెరికన్ కవిత్వంలో ఒంటరితనం మీద ఏళ్ల తరబడి ఆ పుస్తకం రాశారు. ఒంటరితనం గురించి రాయాలంటే ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదట. మిక్సీ తిప్పితే అక్కడెక్కడో కవికి గుండె ఆగేది. అమ్మాయి తుమ్మితే ఒక అధ్యాయం నేలపాలయ్యేది. అందుకని మేమిద్దరం సైగలతోనే సంసారం ఈదుకొచ్చాం. చెవి లాక్కుంటే కూరలో ఉప్పు తక్కువని, ముక్కు గిల్లుకుంటే నాన్నకి కోపమొచ్చిందని. రానురాను పోట్లాటలూ, జోకులూ కూడా వేళ్లతోనే కానిచ్చేవాళ్లం.

మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి మొదటి పేజీ చదివారు. "ఈ కవి సొంత ఇంట్లోనే పరాయివాడు. పక్కనున్నవాళ్ల భాష అతనికి అందదు." కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. "పాపం, ఎంత నరకమో ఊహించగలవా నువ్వు?" అన్నారు నాతో.

అమ్మాయి బొటనవేలు గడ్డానికి ఆనించి, రెండు వేళ్లు గాల్లో తిప్పింది. నేను పగలబడి నవ్వాను.

"ఏమంటోంది?"

"ఏమీ లేదండీ."

ఆయన దాని వేళ్లకేసీ, నా మొహంకేసీ మార్చి మార్చి చూశారు. "నాకూ చెప్పండర్రా" అన్నారు మెల్లగా.

చెబుదామా అన్నట్టు అమ్మాయి కనుబొమలెగరేసింది. నేను తల అడ్డంగా ఊపాను.

ఇన్నేళ్ల మా సైగల్లో ఆ ఒక్కటే ఆయనకు అర్థమైంది.