నేతి వాసన

"పొంగలిలో నెయ్యి కంపు కొడుతోంది" అని నిండు పంక్తిలో నేనన్నాను. మాదన్నపేట గుడి వంటశాలలో ముప్ఫై యేళ్లుగా గరిటె పట్టిన రంగనాథ్ ఆ సాయంత్రమే తాళంచెవులు అప్పగించి వెళ్లిపోయాడు.

నాలుగో రోజున, బరువు తగ్గడానికి నాకు వారం వారం సూదిమందు ఇస్తున్న డాక్టరమ్మ అడిగింది: "డోసు పెంచినంక నెయ్యి, నూనె వాసన పడ్తలేదా అయ్యగారూ? కడుపుల తిప్పుతున్నదా?"

ఔనన్నాను.

"సూదితోనే అట్లయితది. ముందే చెప్పాలె కదా! డోసు తగ్గిద్దాం. కొంచెం కొంచెం తినండి."

సూది సంగతి గుడిలో ఎవరికీ చెప్పలేదు. ఆహార నిగ్రహాన్ని గురించి ప్రవచనాలు చెప్పే నేను సూదితో ఒళ్లు తగ్గించుకుంటున్నానని ఎవరికీ తెలియరాదనుకున్నాను.

నేరుగా యాకుత్‌పురాలోని రంగనాథ్ ఇంటికి వెళ్లి, దాచినదంతా చెప్పి, అతని చేతులు పట్టుకున్నాను. "దోషం నా ముక్కుది, నీ నేతిది కాదు. రేపు వచ్చి పొయ్యి వెలిగించు."

అతడు మెల్లగా చేతులు విడిపించుకున్నాడు.

"నన్ను ఓదార్చనీకి గిట్ల చెప్తున్నరు అయ్యగారూ. ఆ దినం వండేటప్పుడు కమ్మగనే ఉండె. మీరన్నంక నేను గిన్నె మూత తీసి వాసన చూసిన. నాక్కూడా కంపే కొట్టింది."