పోస్టరు మీద మిడత

"మడమ నొప్పన్నావు కదరా. మరి ఇదేంటి?"

ఫొటోగ్రాఫర్ చుట్టచుట్టి తెచ్చిన పోస్టరు బల్ల మీద పరిచాడు. బస్టాపు గోడ మీంచి చింపుకొచ్చాడు కాబట్టి ఓ మూల ఊడిపోయింది. రెండు మేడల మధ్య సందు, ఆ సందు మీద గాల్లో ముడుచుకున్న మనిషి, ముఖమంతా కప్పేసిన బూడిదరంగు హుడీ. ఈ ఏటి క్రీడా ఛాయాచిత్రాల పోటీలో మొదటి బహుమతి అని కింద పెద్ద అక్షరాలు. పేర్లేవీ వేయలేదు.

ఆ హుడీ మిడతది. గోడలూ మెట్లూ పిట్టగోడలూ ఒకదాని మీంచి ఇంకోదానికి దూకే పార్కూర్ ఆటలో మిడత అంటే తెలియనివాళ్ళు లేరు. అతడు దూకడం, ఇతడు నేల మీద వెల్లకిలా పడుకుని ఫొటో తీయడం, ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ ఇదే వరస. ఆ బహుమతి కోసం ఏటేటా పంపడం, ఏటేటా ఉత్త చేతులతో మిగలడం. ఈ ఏడు మడమ బెణికింది, నన్నొదిలెయ్యరా అన్నాడు మిడత. పాపం అని నమ్మేశాడు వెర్రిబాగులవాడు. ఇందాక మిడత కుంటుతూ వచ్చి తలుపు తీస్తే, ఇంకా నాటకమేనా అని ఒళ్ళు మండిపోయింది.

నమ్మకపోతే ఎలా? ఇంటిమనిషి కదా. తన కూతురు కూడా బాబాయ్ అనే పిలుస్తుంది. ఒకప్పుడు ఫొటోలు తీసేచోటికి దాన్నీ తీసుకెళ్ళేవాడు గానీ, ఓ రోజు అది పిట్టగోడ ఎక్కి నిలబడేసరికి పైప్రాణాలు పైనే పోయి, మళ్ళీ ఆ ఛాయలకు రానివ్వలేదు. పొద్దున పోస్టరు గురించి తను అగ్గి మీద గుగ్గిలమవుతుంటే అదే అడ్డొచ్చింది. బాబాయ్ తప్పేం లేదట. పెద్దవాళ్ళ విషయాల్లో వేలు పెట్టకని కసిరి వచ్చాడు.



ముఖం కప్పుకున్నంత మాత్రాన పోల్చుకోలేననుకున్నావా అని అడిగాడు ఫొటోగ్రాఫర్. ఎడమ చెయ్యి ముందుకు చాచి, కుడి మోకాలు గుండెకు హత్తుకుని దూకడం ఈ ఊళ్ళో ఇంకెవరికి వచ్చని నిలదీశాడు. పైగా కింద పడుకుని తీసే ఆ కోణం తనది. వీపు దోక్కుపోయేలా నేర్చుకున్నది. దాన్ని కూడా ఇంకొకడికి అప్పజెప్పాడు. కట్టుకున్నదాని మాట కాదని వీడి వెంట తిరిగినందుకు తగిన శాస్తే జరిగిందనుకున్నాడు. కోపం కంటే ఏడుపే ఎక్కువ వచ్చింది.

"వెన్నుపోటు పొడిచావురా. బహుమతి పోతే పోయింది. నా చోట్లో పడుకుని ఫొటో తీసినవాడెవడో చెప్పు."

"నేనే."

ఫొటోగ్రాఫర్ పోస్టరు వైపు చూశాడు, మిడత వైపు చూశాడు. పైన దూకేవాడు కింద పడుకుని ఎలా తీస్తాడని అడిగాడు.

మిడత రెండు చేతులూ జోడించాడు. హుడీ తనదేనన్నాడు, ఆ దూకడం కూడా తను నేర్పిందేనన్నాడు.

"దూకింది మాత్రం నీ కూతురు."