లచ్చికి సూది

ద్వారకా నగర్‌లో పశువుల డాక్టరు గది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు అప్పలసూరికి. రోగం వచ్చింది కుక్కకి. సిగ్గుతో చచ్చిపోతున్నది మాత్రం ఇతను.

పెంపుడు కుక్క లచ్చికి నెల్లాళ్లుగా తోక కింద గడ్డ లేచి నెత్తురు కారుతోంది. కంచరపాలెంలో వాళ్ల వీధి వీధంతా ముక్కు మూసుకుంది. నెలకోసారి రాయ్‌పూర్ సైటు పనికి పోయివచ్చే అప్పలసూరి, ఈసారి రాగానే దాన్ని పట్టాల అవతల వదిలేసి వస్తానన్నాడు. భార్య రోజారమణి ససేమిరా అంది. డాక్టరుకి చూపించాల్సిందే, నువ్వూ రావాల్సిందే అని పట్టుబట్టింది. నోట్లో నాలుక లేని మనిషి. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో దేనికీ పట్టుబట్టి ఎరగదు. అదేం చోద్యమో అనుకుంటూ వచ్చాడు.

డాక్టర్ శ్రీరామ్మూర్తిది మైకు అక్కర్లేని గొంతు. ఇది జత కట్టినప్పుడు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి అంటుకునే గడ్డ అని వీధిలోకి వినబడేలా చెప్పాడు. వరండాలో పిల్లిని ఒళ్లో పెట్టుకున్నావిడ కిసుక్కున నవ్వింది. అప్పలసూరి మొహం కందగడ్డ అయింది.

ఇది ఎక్కడెక్కడ తిరుగుతుందని అడిగాడు డాక్టరు.

“గడప దాటదు సార్,” అంది రోజారమణి. “మా మగకుక్క టైగరే, ఊరంతా తిరిగొత్తాది.”

“అయితే అదే తెచ్చి అంటించి ఉంటుంది. పాపం, దీని తప్పేముందమ్మా?”

రోజారమణి కొంగుతో కళ్లొత్తుకుంది. కుక్క కోసం ఈ ఏడుపేమిటని అప్పలసూరికి ఇంకా సిగ్గేసింది. ఇక లెమ్మని మోచేత్తో పొడిచాడు. ఆమె లేవలేదు. బతుకుతుందా అని అడిగింది. వారానికో సూది చొప్పున ఐదారు వారాలు వేయిస్తే చాలావరకు నయమైపోతుందన్నాడు డాక్టరు. దీనికొక్కదానికే వేయిస్తే సరిపోతుందా అని మళ్లీ అడిగింది. టైగర్‌ని కూడా తీసుకొచ్చి చూపించమన్నాడు. లేకపోతే ఇది బాగుపడ్డా అది మళ్లీ అంటిస్తుందన్నాడు.

సూది పొడిచినా లచ్చి కుయ్యిమనలేదు. రోజారమణి చెయ్యి నాకుతూ ఉండిపోయింది.

రోడ్డు మీదికి వచ్చాక అప్పలసూరి ఇక ఆగలేకపోయాడు.

“పరువంతా తీసేసినావు. నలుగుర్లో ఆ ఆరాలేటి? ఏదైనా ఉంటే ఇంట్లో నాకు సెప్పలేవేటి?”

రోజారమణి లచ్చిని ఆటోలోకి ఎక్కించి, సంచిలోంచి తన పేరున్న ఆసుపత్రి చీటీ తీసి అతని చేతిలో పెట్టి, “నన్ను సూసిన డాక్టరమ్మ కూడా ఇదే మాటంది బావా, మీ ఆయన్నీ తీసుకురమ్మని” అంది.