నలభయ్యో నంబరు

ఎవరైనా చిరిగిన పుస్తకం తెస్తే ఎలా చిరిగిందని అడగడం బైండింగు పనిలో నాకు అలవాటు. మా ఆవిడను మాత్రం అడగలేదు.

ఆమె తెచ్చింది తన ప్రార్థనల పుస్తకం. పదేళ్లుగా తాడుతో కట్టి వాడుకుంటోంది. "కాస్త కుట్టిపెట్టండి" అని బల్ల మీద పెట్టింది.

ఊడిన పేజీలు వరసలో పెట్టాలంటే చదవక తప్పదు. ప్రతి ప్రార్థనకీ ఒక నంబరు, రాసిన తేదీ ఉన్నాయి. దేవుడు జవాబిచ్చాక ఎర్రగీత కొట్టి, ఆ తేదీ కూడా వేసింది. చెల్లెలి కాన్పుకి నాలుగు నెలలు పట్టింది. మా ఇంటి పైకప్పుకి మూడేళ్లు.

నలభయ్యో నంబరు: "మా ఆయన మారాలి." రాసిన తేదీ, గీత కొట్టిన తేదీ ఒకటే.

"నేను తాగుడు మానింది నిరుడు కదా? పదేళ్ల కిందటే కొట్టేశావేంటి?"

"మారుస్తానని మాటిచ్చింది దేవుడండీ. మీరిచ్చుంటే ఆగి చూసేదాన్ని."

"మరి ఇన్నేళ్లూ నా గురించి ఏం ప్రార్థించావు?"

"మార్చినందుకు థాంక్స్ చెప్పాను. నాకు ఓపిక కావాలని అడిగాను. అది నలభై ఒకటి. దానికింకా గీత పడలేదు."

సూదిలోకి దారం ఎక్కించాను. ఆ తేదీ నాకు బాగా గుర్తు. ఆ రోజే నేను తాగొచ్చి, ఈ పుస్తకాన్ని రెండు ముక్కలుగా చించి వీధి బురదలోకి విసిరేశాను.

నలభయ్యో నంబరున్న పేజీ నిండా మట్టి మరక. అక్షరాలు ఆ మరక మీద రాసి ఉన్నాయి.