మూడో వరుసలో గొడుగు

పరుగెత్తినవాడి కాలు ముందు నేల మీద పరిచిన బేస్‌కు తగిలిందా, బేస్ దగ్గరున్నవాడి తోలు గ్లవ్‌లో బంతి ముందు పడిందా? బేస్‌బాల్ అంపైర్ తేల్చాల్సింది అదే. కాలు ముందైతే సేఫ్, బంతి ముందైతే ఔట్.

ఆమె తేల్చింది. "ఔట్" అంది.

ఔటైనవాడు బేస్ మీదే నిలబడి, "ఏమన్నారండీ?" అని అడిగాడు.

మైదానమంతా గొల్లున నవ్వింది.

తప్పు ఆమెది కాదు, ఆమె ఉద్యోగానిది. పన్నెండేళ్ళుగా లైబ్రరీలో పని. పెదాల మీద వేలు పెట్టి ఎదుటివాళ్ళను ఊరుకోబెట్టడమే తప్ప, గొంతెత్తిన పాపాన పోలేదు.

చిన్నప్పటి నుంచీ ఈ ఆటంటే ప్రాణం. అందుకే అంపైర్ పరీక్ష రాసి నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకుంది. రాతపరీక్షలో అరవమని ఎవరూ అడగలేదు మరి.

ఇప్పుడు బేస్‌బాల్ సంఘంవాళ్ళు ఐదు మ్యాచ్‌ల గడువిచ్చారు. నెగ్గుకొస్తే అంపైర్, లేకపోతే మళ్ళీ పుస్తకాల దుమ్ము దులుపుకోవడమే.

జనం "కళ్ళు లేవా?" అని అరిచారు. అంపైర్లకు అవి రోజువారీ దీవెనలేనని ఆమెకు ముందే చెప్పారు కాబట్టి ఓర్చుకుంది. ఓర్చుకోలేకపోయింది మూడో వరుస చివర్నుంచి వచ్చిన ఒక్క మాటను.

"వినపడలేదమ్మా."

నల్లకళ్ళద్దాల పెద్దాయన ఒకరు. మాడు పగిలే ఎండలో కూడా గొడుగు తెరవకుండా, దాని పిడి మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నాడు. ఆ రోజు ఆమె ఎన్ని నిర్ణయాలు చెప్పిందో అన్నిసార్లూ అదే మాట అన్నాడు.

ఆ వారమంతా ఆమె వంటింట్లో సాధన చేసింది. భర్త చెయ్యి బిస్కెట్ డబ్బా మీద పడితే ఔట్. అత్తగారు తడి నేల మీద జారకుండా గుమ్మం దాటితే సేఫ్.

నోట్లో నాలుక లేని కోడలు దొరికిందని ఇన్నాళ్ళూ మురిసిపోయానని అత్తగారు పక్కింట్లో చెప్పుకుని నవ్వుకుంది.

రెండో మ్యాచ్‌లో గొంతు లేచింది. కానీ తొందరపడింది. బంతి గ్లవ్‌లో కుదురుకోకముందే "ఔట్" అనేసింది. బంతి జారి నేల మీద దొర్లింది. అన్న మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చేసరికి ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఆట అయ్యాక ఎవరితోనో మాట్లాడుతూ ప్రేక్షకుల మెట్ల పక్కగా వెళ్తుంటే పెద్దాయన పలకరించాడు.

"అమ్మాయ్, ఇవాళ వినపడింది. కాకపోతే బంతి చప్పుడు కన్నా నీ మాట ముందొచ్చింది."

ఆమెకు ఒళ్ళు మండింది. అరవకపోతే వినపడలేదంటారు, అరిస్తే తొందరంటారు, మీరే దిగి చెప్పండి పెద్దాయనా అంది.

ఆయన కోప్పడలేదు, హాయిగా నవ్వాడు.

"కాలును కంటితో చూడు. బంతిని చెవితో పట్టుకో. రెంటినీ కంటితోనే చూడాలంటే ఎవరి తరం? తర్వాత ఒక్క ఊపిరి ఆగు. అప్పుడు చెప్పు, ఒక్కసారే, ఈ మూడో వరుస దాకా."

మూడో మ్యాచ్‌లో ఆమె అలాగే చేసి చూసింది. మంత్రం వేసినట్టు పనిచేసింది. చూపంతా బేస్ మీద పెట్టి, చెవి గ్లవ్ వైపు ఉంచితే తికమకే లేదు. నాలుగో మ్యాచ్‌లో "వినపడలేదమ్మా" ఒక్కసారే వినపడింది. ఆ ఒక్కసారి ఎక్కడ గొంతు తగ్గించానా అని ఇంటికి వెళ్ళేదాకా ఆలోచించింది.

ఐదో మ్యాచ్ చివరి బంతికి తేలాల్సి వచ్చింది. పరుగెత్తేవాడు సేఫ్ అయితే మ్యాచ్ సొంత ఊరి జట్టుది, ఔటైతే పొరుగూరి జట్టుది. జనం లేచి నిలబడ్డారు.

కాలు బేస్ మీదికి వచ్చింది. దానికి వెంట్రుకవాసి ముందు, గ్లవ్‌లో టప్‌మని చప్పుడైంది.

ఆమె ఒక్క ఊపిరి ఆగింది.

"ఔట్!"

చెట్ల మీది పిట్టలు లేచిపోయాయి. ఓడిన జట్టు కోచ్ మీదికి రాబోయి, ఆమె ముఖం చూసి సగం దారిలోనే వెనక్కి తిరిగాడు. జనం మాత్రం "కళ్ళు లేవా?" అంటూనే ఉన్నారు. మూడో వరుసలోంచి ఒక్క మాట రాలేదు.

అంత సంతోషం ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు.

సంతకాలవీ ముగించి మెట్ల దగ్గరికి పరుగెత్తింది. గొడుగూ లేదు, పెద్దాయనా లేడు.

సంఘం ఆఫీసులో కార్యదర్శి కుర్చీ చూపించి, ఈ రోజు నుంచి మీరు మా అంపైరేనని చెప్పాడు. ఆమె గురించి ఫిర్యాదులు నాలుగు వచ్చాయట, మెప్పు ఒక్కటే. ఆ ఉత్తరం ఆమె ముందు పెట్టాడు.

"ముప్పై ఏళ్ళుగా ఆటకు వస్తున్నాను. ఈ అమ్మాయి ఉన్న రోజున పక్కవాళ్ళను ఏమీ అడగాల్సిన పని ఉండదు. వదులుకోకండి."

"గొడుగు పెద్దాయనేనా?" అంది ఆమె. "ఎక్కడుంటారు? ఇప్పుడే వెళ్ళి కలుస్తాను."

ఇప్పుడే రైలెక్కి ఉంటారని, చెల్లెలి ఊరికి మకాం మార్చేశారని, ఈ మ్యాచ్ కోసమే వారం ఆగారని కార్యదర్శి చెప్పాడు. ఎప్పుడైనా వస్తానని, అప్పటికి గొంతు తగ్గించి ఉంటే ఊరుకోనని చెప్పమన్నారట.

ఆమెకు నవ్వూ కన్నీళ్ళూ కలిసి వచ్చాయి.

"అంత దూరంలో కూర్చుని నా తొందర ఎలా పట్టేశారో. ఆయన చూపులో సగం నాకుంటే చాలు."

కార్యదర్శి ఉత్తరం మడత పెడుతూ ఆగాడు.

"ఆయనకు పుట్టుకతోనే చూపు లేదమ్మా. ఈ ఉత్తరం కూడా ఆయన చెబుతుంటే నేనే రాశాను. ఈ ముప్పై ఏళ్ళూ అంపైర్ ఏది చెబితే అదే ఆయన చూసిన ఆట."