మేడ మీది మనిషి

"గోడకి ఆనుకోకండమ్మా, సున్నం అంటుకుంటుంది."

మెట్ల మీద నుంచి ముసలాయన అనేసరికి చిట్టి వాళ్లమ్మకి ఒళ్లు మండింది.

ఎవడబ్బ సొమ్మని ఈయనకింత పెత్తనం!

మాటలు రాని పిల్లలకి ఉచితంగా మాటలు నేర్పే ట్రస్టు అది. ఐదేళ్లు నిండినా నోరు విప్పని చిట్టిని తీసుకుని ఆమె రోజూ వస్తోంది.

మొన్ననే చిట్టి మొదటిసారి "అమ్మా" అంది.

ఆ రోజు నుంచి తల్లికి సంతోషం కన్నా బెంగే ఎక్కువైంది. ఇంత మంచి చోటు ఎన్నాళ్లుంటుంది? ఎవడో ఒకడు ముంచకపోతాడా?

ఆ ఎవడో ఈయనేనని ఆమె అనుమానం.

"టీచరుగారూ, ఆ పెద్దాయన ఇక్కడ పని చేస్తాడా?"

"లేదండీ. పై గదిలో ఉంటారు. నేను చేరేటప్పటికే ఉన్నారు."

"మరి ఈ ఇంటికి ఓనరెవరు?"

"ట్రస్టుకి ఓనరంటూ ఉండరండీ. మా జీతాలూ ఖర్చులూ పోగా మిగిలింది ఎవరూ ఇంటికి పట్టుకుపోకూడదు. మళ్లీ పిల్లలకే పెట్టాలి. అందుకే పన్ను మినహాయింపు ఇచ్చారు."

"ఎవరైనా సొంతానికి వాడుకుంటే?"

"మినహాయింపు పోతుంది." టీచరు నవ్వింది. "అలా ఎవరు చేస్తారు లెండి!"

తల్లి తలెత్తి చూసింది. మేడ మీద తాడుకి ముసలాయన చొక్కాలు దర్జాగా ఆరుతున్నాయి.

పన్నులవాళ్లు వస్తే? తలుపుకి తాళం పడితే? పిల్ల ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతే?

గబగబా మెట్లెక్కింది.

గదిలో ఒక మంచం, కిటికీ దగ్గర ఒక కుర్చీ. ముసలాయన చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు.

"రామ్మా, కూర్చో."

"కూర్చోడానికి రాలేదు బాబాయిగారూ. పిల్లల కోసమున్న ఇంట్లో మీరు తిష్ట వేయడమేంటి?"

సూది ఆగింది.

"నా వల్ల ఎవరికైనా ఇబ్బందా?"

"ఇబ్బందా! ట్రస్టుది ఎవరైనా సొంతానికి వాడుకుంటే మినహాయింపు ఊడుతుందట. ఉన్నదంతా పన్నులకే పోతే టీచర్లు ఉంటారా? మీకేం, ఇంకో గది చూసుకుంటారు. నా పిల్ల ఎక్కడికి పోవాలి?"

"నేను అన్నీ సవ్యంగానే..."

"అందరూ అదే అంటారు! నాకొచ్చిన అనుమానం రేపు వాళ్లకి రాదా?"

ఆయన సూది పక్కన పెట్టాడు. కిటికీలోంచి కింద ఆడుకుంటున్న పిల్లల్ని చూశాడు.

"నిజమేనమ్మా. అనుమానం కూడా రాకూడదు," అన్నాడు.

వారం తిరక్కుండానే పై గది ఖాళీ అయింది. ఎక్కడికెళ్లాడో ఎవరికీ తెలీదు.

తల్లికి గుండెల మీంచి కుంపటి దింపినట్టయింది.

నెలాఖరుకి ఆడిటరు వచ్చాడు.

"పై గది అద్దె రాలేదేంటి?" అని టీచర్ని అడిగాడు.

"అద్దేంటండీ?" అంది టీచరు. చిట్టిని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లి ముందుకొచ్చింది.

"ఆ మనిషిని నేనే పంపించేశానండీ. మినహాయింపు పోతుందని."

"ఎందుకు పోతుందమ్మా? బయట అద్దె ఎంతుంటే అంతా కట్టేవారు. అందులో తప్పేముంది?"

తల్లి గతుక్కుమంది. అయినా మనసు ఒప్పుకోలేదు.

"అద్దె కట్టే మనిషికి ఊళ్లో ఇళ్లే దొరకలేదా? ఈ పిల్లల గోల మధ్యే ఉండాలా? ఏదో ఉండే ఉంటుంది లెండి."

ఆడిటరు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఉందమ్మా. ఎవరికీ చెప్పొద్దన్నారు, ఇంక దాచి ఏం లాభం?"

ఖాళీగా ఉన్న పై గది వైపు చూశాడు.

"తనకున్న ఒక్క ఇంటినీ ఈ పిల్లలకి రాసిచ్చేసి, అందులోనే ఒక గదికి అద్దె కట్టుకుంటూ బతికిన మనిషి ఆయన."