మూడు కేజీల తరుగు

రెజీనా పాటల ప్రాక్టీసుకని చర్చికి వెళ్లగానే ఫిలిప్ తలుపు గడియపెట్టి, ఇంట్లోని కాటాను బోర్లా తిప్పాడు. సీసం ముద్ర ఉన్న తీగను కత్తిరించి, వెనక మూత విప్పాడు.

మదనపల్లె టమాటా మార్కెట్లో ఇరవై రెండేళ్లుగా కాటాలు బాగుచేస్తున్న మనిషి అతను. ఒక్క గ్రాము తేడాగా పెట్టమని మండీవాళ్లు ఎంత బతిమాలినా వినలేదు. ఇప్పుడు భార్య బరువు మూడు కేజీలు ఎక్కువ చూపించేలా మార్చాడు. తప్పని తెలిసినా, లోపలెక్కడో ఈల వేయాలన్నంత హుషారు ఉంది.

అంతకుముందు వారం రెజీనా కుప్పంలో మోకాళ్ల ఆపరేషన్ డాక్టరును కలిసి వచ్చింది. ఆమె మిషన్ ఆసుపత్రిలో నర్సు. నూట పన్నెండు కేజీలు. మోకాళ్ల నొప్పితో చర్చిలో అందరూ నిలబడి పాడుతుంటే తనొక్కతే కుర్చీలో కూర్చుని పాడేది.

"మూడు నెలల్లో ఎనిమిది కేజీలు తగ్గితే ఆపరేషనే అక్కర్లేదన్నాడప్పా డాక్టరు," అంది.

"తగ్గకపోతే?"

"చేయించుకుంటా. ఈ ఒప్పుకోలు కాగితం మీద సంతకం మాత్రం ఇప్పుడే పెట్టు. అప్పుడడిగితే మంచం కిందికి దూరిపోతావు."

ఫిలిప్ నవ్వలేదు. అప్పట్లో తన అమ్మను స్ట్రెచర్ మీద ఆపరేషన్ గదిలోకి తోసుకెళ్లాక, ఆ రెండు తలుపులు కాసేపు ఊగి ఆగిపోయాయి. అమ్మ మళ్లీ బయటికి నడిచి రాలేదు. పదేళ్లయినా అతని కలల్లో ఆ తలుపులు ఊగుతూనే ఉన్నాయి. రెజీనా ఆ తలుపుల వెనక్కి వెళ్లకూడదు, అంతే. దానికోసం ఏమైనా చేస్తాడు.

ఎనిమిది కేజీలేగా అనుకుని సంతకం పెట్టేశాడు.

కానీ రెజీనా సంగతి అతనికి తెలుసు. ఇదివరకు మూడుసార్లు తగ్గింది. రెండు కేజీలు తగ్గగానే సంబరంగా బిరియానీ తినేది, రెండు వారాల్లో మళ్లీ మొదటికొచ్చేది. అందుకే మండీలో రైతు సరుకు తూకంలో తరుగని కొంత కోసేసినట్టు, ఆమె తగ్గిన దాంట్లో మూడు కేజీలు తీసి పక్కన దాచాడు.

మరుసటి ఆదివారం కాటా ఎక్కిన రెజీనా కెవ్వుమంది.

"సూడప్పా! వారమంతా గడ్డి తింటే ఒకటిన్నర కేజీ పెరిగినా!"

"గాలి పట్టిందేమో," అన్నాడు ఫిలిప్ గోడవైపు తిరిగి. "నడువు మే. నేనూ వస్తా."

రోజూ తెల్లారకముందే ఇద్దరూ బస్టాండు దాకా నడిచేవాళ్లు. ఆమె ఆగిపోతే అతను వెనక్కి నడుస్తూ పాట అందుకునేవాడు. అతని అపస్వరం భరించలేక ఆమె ఆయాసంలోనే సరిదిద్దేది. టీకొట్ల వాళ్లు చెయ్యి ఊపేవాళ్లు. అతని ప్యాంటు కూడా వదులైంది.

పుంగనూరులో రెజీనా అక్క విక్టోరియా మనవరాలి బాప్తిస్మం విందు. ఫిలిప్ భార్య పక్కనే కూర్చుని, ఆమె ఆకులోని మటన్ ముక్కలన్నీ తన ఆకులోకి లాగేసుకుని, కీరకాయ ముక్కలు వేశాడు.

"ఏం మరిదీ, మా చెల్లెల్ని కుందేలు మాదిరి సాకుతాండావా?" అంది విక్టోరియా.

"తిననీలేక్కా. తగ్గేది నేను, బక్కసిక్కేది ఈయప్ప," అంది రెజీనా.

అందరూ పగలబడి నవ్వారు. ఫిలిప్ అందరికంటే గట్టిగా నవ్వాడు. గుట్టు ఉన్నవాడి నవ్వు అంత తేలిగ్గా ఉంటుందని అతనికి అప్పుడే తెలిసింది.

పదో వారం చర్చిలో రెజీనా లేచి నిలబడి, నాలుగు చరణాలూ నిలబడే పాడింది. ఫిలిప్ పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని ఏడ్చాడు.

గడువు రోజు పొద్దున ఇంటి కాటా నూటారున్నర చూపించింది.

"ఇంకా రెండున్నర ఉండాది. ఓడిపోతిమప్పా," అంది రెజీనా, బ్యాగులో చీరలు సర్దుకుంటూ.

"ఒక్క పూటకు ఇన్ని చీరలు యాల మే?"

"ఏమో, ఉండమంటారేమో."

కుప్పం బస్సులో ఫిలిప్ కాళ్లు ఒక్కచోట నిలవలేదు. కిటికీలోంచి కనపడిన ప్రతి మేకకూ తన రహస్యం చెప్పేయాలనిపించింది.

ఆసుపత్రి కాటా మీద నూట మూడున్నర.

"ఎనిమిదిన్నర!" ఫిలిప్ వరండాలోనే ఎగిరాడు. "రెజీనా, తిట్టొద్దు. ఇంటి కాటాను తిప్పింది నేనే. మూడు కేజీలు ఎక్కువ పెట్టినా. నువ్వు యాడ ఆగిపోతావోనని..."

"తెలుసు."

"ఏంది?"

"మా వార్డులో కాటా లేదా? ప్రతి సోమవారం ఎక్కుతానే ఉండా."

"మొదటినుంచీ తెలిసి, నాకు యాల చెప్పలా?"

"చెప్తే నువ్వు నడవడం ఆపేసుంటావు. ఒక్కదాన్నే నడిచి మూడుసార్లు ఓడిపోయినా గదా," అంటూ ఆమె అతని చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. "నా మీద కోపం రాదు గదా నీకు?"

"కోపమా! రాత్రికి బిరియానీ నేనే వండుతా!"

నర్సు లోపలికి పిలిచింది. ఫిలిప్ ముందు నడిచాడు, డాక్టరుతో చెయ్యి కూడా కలిపాడు. డాక్టరు ఫైలు తిరగేసి, అడుగున ఉన్న సంతకం చూసి, తృప్తిగా తలూపాడు.

"మీవారు కూడా ముందే ఒప్పుకున్నారన్నమాట, చాలా సంతోషం," అన్నాడు రెజీనాతో. "ఎనిమిది కేజీలు తగ్గితే గానీ ఆపరేషన్ చెయ్యనని ఆ రోజు అంత గట్టిగా చెప్పినందుకు ఏమీ అనుకోకండమ్మా, రేపు పొద్దున ఏడింటికే మొదలుపెట్టేద్దాం."